దొరకు గడి, కూలికి చిట్టి

దొరతనం దొర ఒంట్లో ఉండదు. గడిలో ఉంటుంది, దేశ్‌ముఖ్ అనే బిరుదులో ఉంటుంది, ఎదుటివాడు వంచిన నడుములో ఉంటుంది. నిజాం పాలనలో మన పల్లెల్లో గడి ముందు నడిచేవాడు చెప్పులు విడవాలి, "బాంచెను, కాల్మొక్త" అనాలి. ఎందుకు? దున్నింది, నాటింది, కోసింది దొర కాదు. చేసిన పని చూపలేనివాడు గుర్తులు చూపిస్తాడు.

విక్లండ్, గోల్విట్జర్ అనే ఇద్దరు మనస్తత్వ శాస్త్రజ్ఞులు 1982లో ఈ సంగతిపైనే పుస్తకం రాశారు. తాను ఫలానా అనుకునే మనిషి అందులో వెలితి కనబడితే బయటి గుర్తులను మరింత పట్టుకుంటాడని వారన్నారు. నిండు కుండ తొణకదని మనవాళ్లు ఏనాడో అన్నారు.

మరి కూలికి గుర్తు అక్కర్లేదా? కావాలి. ఆంధ్ర మహాసభలో చేరినవారికి సభ్యత్వ రసీదు ఇచ్చేవారు. అందుకే జనం దాన్ని చిట్టి సంఘం అన్నారు. ఆ కాగితం చేతికొచ్చాక వెట్టివాడు సంఘపోడయ్యాడు. గడి గుర్తు పదిమందిని వంచింది. చిట్టి గుర్తు పదిమందిని కలిపింది.

పాలకుర్తి చాకలి ఐలమ్మనే చూడండి. ఆమె కౌలుకు పండించిన పంట మీద విసునూరు దేశ్‌ముఖ్ రామచంద్రారెడ్డి కన్నేశాడు. సంఘం కార్యకర్తలు కలిసివచ్చి వరి కోసి, ధాన్యం ఆమె ఇంటికి చేర్చారు. చిట్టి బలం కాగితంలో లేదు, ఆ కొడవళ్లలో ఉంది. 1946 జులై 4న కడవెండిలో దొడ్డి కొమరయ్య ప్రాణమిచ్చింది కూడా ఆ ఐక్యత కోసమే.

ఐలమ్మ 1985లో కన్నుమూసింది. ఇప్పుడు ఊరూరా ఆమె విగ్రహాలు. 2024లో హైదరాబాదు కోఠీ మహిళా విశ్వవిద్యాలయానికి ఆమె పేరు పెట్టారు. సంతోషమే. అయితే ఆమె ఎవరు? కౌలుదారు! 2018లో మొదలైన రైతుబంధు డబ్బు పట్టాదారు ఖాతాలో పడింది, కౌలుదారుకు పైసా దక్కలేదు. ఐలమ్మ ఉండి ఉంటే ఆమెకూ దక్కేది కాదు.

విగ్రహానికి దండ వేస్తే నాయకుడి గౌరవం పెరుగుతుంది. కౌలు రైతు కడుపు నిండదు. జయంతి నాడు దండతో వచ్చే ప్రతి నాయకుణ్ణీ అడుగుదాం: కౌలుదారుకు కాగితమేదీ? ఒక్కరం అడిగితే వినరు. చిట్టి సంఘంలా కలిసి అడగాలి.