ముందే అచ్చయిన వార్త

ఆశ్చర్యం వేరు, ఉత్కంఠ వేరు. బల్లక్రింద బాంబు ఉన్నదని ప్రేక్షకునికి తెలియకుండా అది పేలితే కలిగేది క్షణకాలపు ఆశ్చర్యం. బాంబు ఉన్నదని ప్రేక్షకునికి ముందే తెలిసి, బల్లచుట్టూ కూర్చున్నవారికి మాత్రం తెలియనప్పుడు కలిగేది ఉత్కంఠ. సుప్రసిద్ధ చలనచిత్ర దర్శకుడు ఆల్‌ఫ్రెడ్ హిచ్‌కాక్ చెప్పిన ఈ భేదం సస్పెన్స్ కథలు అల్లేవారికి ఒజ్జబంతి వంటిది. జరుగబోయేది తెలిసిన ప్రేక్షకుడు ఊరక కూర్చోలేడు. హెచ్చరించాలని ఆరాటపడతాడు, హెచ్చరించలేక తపిస్తాడు.

తెలుగులో వచ్చిన "దూత" అనే ధారావాహిక ఈ తపనమీదనే నిలిచింది. విక్రమ్ కుమార్ దర్శకత్వంలో ఎనిమిది భాగాలుగా తయారై, 2023 డిసెంబరు 1వ తేదీన అమెజాన్ ప్రైమ్‌లో అది విడుదలయింది. నాగచైతన్య ధరించిన సాగర్ పాత్ర ఒక పత్రికా సంపాదకుడు. అతని చేతికి వార్తాపత్రిక ముక్క ఒకటి చిక్కుతుంది. జరుగబోయే ప్రమాదం అందులో ముందే అచ్చయి ఉంటుంది, అచ్చయినట్లే జరుగుతుంది. ఆపైన మరొక ముక్క, మరొక విపత్తు. పార్వతి తిరువోతు ధరించిన పోలీసు అధికారిణి పాత్ర కారణాన్ని వెదకుతూ వస్తుంది. కథాస్థలం విశాఖపట్నం; కథ పొడుగునా వాన. ఈ దర్శకుడే 2009లో తీసిన "13బి" చిత్రంలో ఒక కుటుంబానికి జరుగబోయేది టెలివిజన్ సీరియల్‌లో ముందుగా కనిపిస్తుంది. ముందే తెలియడమనే భయం ఆయనకు అభిమాన వస్తువు కాబోలు.

చూచినవారి అభిప్రాయాలు మూడు పాయలుగా చీలినవి. మొదటి పాయవారు వాతావరణ చిత్రణను మెచ్చుకున్నారు. ఎడతెగని వాన, మసక వెలుతురు, ఒక భాగం ముగియగానే తరువాతి భాగానికి లాగే బిగువు వారిని ఆకట్టుకున్నవి. రెండవ పాయవారు నిడివిని ఆక్షేపించారు. నడిమి భాగాలలో కథ సాగిపోయిందని, ముడులు అవసరానికి మించి పడ్డాయని వారి వాదం. మూడవ పాయవారి అభ్యంతరం ఇంకా లోతైనది. నేరపరిశోధనగా మొదలైన కథ అతీతశక్తి దగ్గర తేలడం న్యాయమా? ఆధారాలను ఒక్కొక్కటే కూర్చుకుంటూ వచ్చిన ప్రేక్షకునికి, తర్కంతో విప్పదగిన ముడి అని ఆశచూపి, చివరకు ఒక ప్రేతాన్ని అప్పగించడం మాట తప్పడం కాదా?

ఈ వివాదం తెలుగునాట కొత్తది కాదు. యండమూరి వీరేంద్రనాథ్ నవల "తులసిదళం" ఆంధ్రభూమి వారపత్రికలో ధారావాహికగా వెలువడినప్పుడు పాఠకులు ప్రతివారమూ దానికై ఎదురుచూశారు. చేతబడిని నమ్మించే రచన అంటూ విమర్శకులు మండిపడ్డారు. రంగనాయకమ్మ "తులసిదళం కాదు, గంజాయి దమ్ము" అనే పేరుతో ఏకంగా ఒక గ్రంథమే వ్రాశారు. ఉత్కంఠకోసం అతీతశక్తిని పిలిచిన ప్రతి రచయితకూ ఈ ప్రశ్న ఎదురవుతూనే ఉన్నది.

"దూత" విడుదలైన వారంలోనే నెల్లూరు తీరానికి మరొక ముందువార్త అందింది. బంగాళాఖాతంలో పుట్టిన మిచౌంగ్ తుపాను నెల్లూరు, మచిలీపట్నాల మధ్య తీరం దాటగలదని వాతావరణ శాఖ ప్రకటించింది. అది తీరం వెంబడి ఉత్తరంగా సాగి, డిసెంబరు 5వ తేదీన బాపట్ల దగ్గర నేలను తాకింది. జరుగబోయేదానిని ముందే అచ్చులో చదవడం మైపాడు, జువ్వలదిన్నె, కృష్ణపట్నం వంటి ఊళ్లవారికి కల్పన కాదు. 1989 నవంబరులో "గే" తుపాను కావలి సమీపంలోనే తీరం దాటింది. రేవులలో ఎగురవేసే ప్రమాద సూచికలు ఒకటి మొదలు పదకొండు వరకు ఉంటాయి. ఆ అంకె పెరుగుతున్నప్పుడు, వేటకు పోయిన పడవ తిరిగివచ్చేదాకా ఇంటివారు పడే ఉత్కంఠను కల్పించడానికి ఏ దర్శకుడూ అక్కరలేదు.

ఈ రెండు ముందువార్తలకూ గొప్ప అంతరం ఉన్నది. సాగర్ చేతికి వచ్చిన కాగితం ముక్క ఎట్లా పుట్టిందో తెలియదు. అతను ఎంత పరుగెత్తినా వ్రాతే గెలుస్తున్నట్లు తోస్తుంది. తుపాను హెచ్చరికకు ఉపగ్రహ చిత్రాలు, వాయుపీడనపు కొలతలు, లెక్కలు ఆధారం. అది కొంత తప్పవచ్చు కూడ. అయినా చదివినవాడు పడవను ఒడ్డుకు లాగవచ్చు, వలలు భద్రపరచవచ్చు, పిల్లలతో మెరకప్రదేశానికి చేరవచ్చు. తుపాను ఆగదు, ప్రాణం నిలుస్తుంది. మూడవ పాయవారి అభ్యంతరంలోని బలం ఇక్కడ తెలుస్తుంది. ముందే తెలిసినా ప్రయోజనం లేదని పదేపదే చూపే కథ, తెలుసుకుని తప్పించుకోవాలనే బుద్ధిని మందగింపజేయవచ్చు.

అయినా ఆ ధారావాహికను అంతటితో త్రోసివేయడం తగదు. దాని అసలు ప్రశ్న ప్రేతాన్ని గురించినది కాదు, అచ్చయిన మాటను గురించినది. కలాన్ని అమ్ముకున్న పాత్రికేయుల పాపమే ఆ కథలో శాపమై తరుముతుంది. "స్వతంత్ర", "స్వరాజ్య" పత్రికలను స్థాపించి నిర్భయ సంపాదకునిగా పేరొందిన ఖాసా సుబ్బారావుకు జన్మనిచ్చిన కావలి ఈ జిల్లాలోనిదే. తుపాను వార్త చదివి పల్లెవాసి ఇల్లు విడిచి కదలాలంటే, ఆ పత్రిక అబద్ధమాడదనే నమ్మకం ముందుగా ఉండాలి. నిన్నటిదాకా అబద్ధాలు అచ్చువేసిన కాగితంమీద రేపటి నిజాన్ని ఎవరు నమ్ముతారు? అప్పుడు శాస్త్రీయమైన హెచ్చరిక కూడ సాగర్ చేతిలోని ముక్కవలెనే వ్యర్థమవుతుంది.

ఇటువంటి ధారావాహికలను గురించి విద్యార్థులు విరామవేళల్లో ముచ్చటించుకోవడం ఉపాధ్యాయులు ఎరిగినదే. "బాగున్నది", "బాగులేదు" అనే రెండు మాటలతో ఆ ముచ్చట ముగియనక్కరలేదు. ముడి విప్పడానికి కావలసిన ఆధారాలు కథలోనే ఉన్నాయా? భయం కలిగినది శబ్దం వల్లనా, దృశ్యం వల్లనా, పాత్రపై అభిమానం వల్లనా? ముందే తెలిసినవాడు ఏమి చేయగలిగాడు, ఏమి చేయకుండా ఊరకున్నాడు? ఈ మూడింటికీ జవాబు వ్రాసిన విద్యార్థి విమర్శలో తొలిపాఠం నేర్చినట్లే. మూడవదానికి జవాబు తీరగ్రామాల పిల్లలకు కథలతో పనిలేకుండానే తెలుసు.