జన్యులిపినుండి మాంసకృత్తును గుర్తించుట

గత సంవత్సరము జీవశాస్త్రపు తరగతిలో మేము జన్యువులనుగూర్చి బోధించుచుండగా నొక విద్యార్థి లేచి, “మాస్టరుగారూ, జన్యువులోని యక్షరములను కంప్యూటరున కిచ్చినచో నది మాంసకృత్తుయొక్క రూపమును, పనిని చెప్పునట గదా! ఇక ప్రయోగశాలతో పనియేమి?” అని యడిగెను. అంతలో గంట కొట్టుటచే మా యుత్తరము సగములో నిలిచిపోయినది. ఆ శేషమును ఈ సంచికయందు పూర్తిచేయుచున్నాము.

ముందుగా మూలవిషయమును జ్ఞప్తికి దెచ్చుకొందము. డి.ఎన్.ఏ. యను పదార్థమునందు నాలుగు విధములైన యక్షరములే కలవు. వానిని మూడేసి చొప్పున జదివినచో 64 పదము లేర్పడును. అందు 61 పదములు అమైనో ఆమ్లములను సూచించును. తక్కిన మూడును వాక్యాంతమునందలి విరామచిహ్నములవంటివి. అమైనో ఆమ్లములు 20 రకములు. కణము జన్యులిపి చొప్పున వీనిని పూసలవలె వరుసగా గ్రుచ్చును. ఆ దండ ముడుచుకొని యొక విశేషరూపమును దాల్చును. రూపమునుబట్టియే పని. తాళపుచెవి పండ్లు అరిగినచో తాళము తెఱచుకొననట్లు, రూపము చెడినచో మాంసకృత్తు పనియు జెడును.

ఈ రూపమునకు వలసిన సమాచారము ఎచట నున్నది? అమెరికా శాస్త్రజ్ఞుడగు క్రిస్టియన్ ఆన్‌ఫిన్‌సెన్ 124 ఆమ్లములుగల రైబోన్యూక్లియేసు అను మాంసకృత్తును రసాయనములచే విప్పివైచి, పిమ్మట నా రసాయనములను తొలగించెను. అది తిరిగి తన పూర్వరూపమునే పొందెను. ఆమ్లముల వరుసలోనే రూపమునకు వలసిన సమాచారము గలదని దీనివలన దెలిసెను. ఇందులకై ఆయనకు 1972లో నోబెల్ బహుమాన మీయబడెను. అంతకుముందే, 1963లో, మదరాసు విశ్వవిద్యాలయమున జి. ఎన్. రామచంద్రన్ గారును వారి సహచరులును ఈ దండ యే కోణములలో వంగగలదో, యే కోణములలో వంగజాలదో లెక్కించి యొక పటమును గీచిరి. మాంసకృత్తుల రూపములను సరిచూచుటకు నేటికిని ఆ పటము నుపయోగించుచున్నారు.

అయినను వరుసనుండి రూపమును సూటిగా గణించుట మిక్కిలి కష్టము. అందుచేత శాస్త్రజ్ఞులు మొదట నొక సులభమార్గమును త్రొక్కిరి. మన గ్రామములలో పెద్దలు క్రొత్తగా వచ్చిన కుఱ్ఱవాని ముఖము చూచి, “నీవు ఫలానావారి మనుమడవు కావా?” అని యడుగుట మీరెఱుగుదురు. జీవసమాచార శాస్త్రము చేయునదియు నదియే. క్రొత్త వరుసను, ఇదివఱకు దెలిసిన వరుసలన్నిటితో కంప్యూటరు పోల్చిచూచును. పోలిక బలముగా నున్నచో నవి యొకే మూలమునుండి వచ్చిన బంధువులని యెంచి, తెలిసినదానినిబట్టి తెలియనిదానిని ఊహింతురు.

ఇందుల కొక నిజమైన దృష్టాంతము చెప్పెదము. సిస్టిక్ ఫైబ్రోసిస్ అను వంశపారంపర్యవ్యాధి గలదు. దీనివలన బిడ్డల యూపిరితిత్తులలో జిగటశ్లేష్మము పేరుకొనును. చెమట మిక్కిలి ఉప్పగా నుండును. 1989లో కెనడాదేశపు టొరంటో నగరమున లాప్-చీ త్సుయి, జాన్ రియోర్డన్ అనువారును, అమెరికాలో ఫ్రాన్సిస్ కాలిన్స్ అనువారును తమ సహచరులతో గూడి దీనికి మూలమైన జన్యువును కనుగొనిరి. జన్యువు దొరికినది గాని, దాని మాంసకృత్తు చేయు పని యెవరికిని దెలియదు. వారు లిపిని జదివి 1480 ఆమ్లముల వరుసను రాబట్టిరి. అందు నీటికి దూరముగా నుండగోరు ఆమ్లములు సుమారు ఇరువదేసి చొప్పున గుంపులుగా నున్న తావులు పండ్రెండు కనబడెను. కణపుపొర క్రొవ్వుతో నిర్మితమైనది గావున, ఈ మాంసకృత్తు ఆ పొరను పండ్రెండుమార్లు దాటునని ఊహించిరి. మఱియు దాని వరుస, పదార్థములను పొర కావలికి మోయు కొన్ని మాంసకృత్తుల వరుసలను పోలియుండెను.

ఊహ ఎంతవఱకు సరిపోయినది? పొరలో నుండునన్న మాట నిజమైనది. కాని యిది తానే లవణభాగమును దాటించునా, లేక దాటించు వేఱొకదానిని అదుపుచేయునా యన్నది పోలికవలన దేలలేదు. 1991, 1992 సంవత్సరములలో జరిగిన ప్రయోగములవలన, ఇది క్లోరైడు కణములు వెడలు ద్వారమేయని తేలెను. బంధువులు మోతగాండ్రు, ఇది ద్వారము! అన్నదమ్ములలో నొకడు వడ్రంగియు, నొకడు కమ్మరియు గావచ్చును గదా. ముఖము చూచి వంశమును చెప్పవచ్చును గాని, వృత్తిని నిశ్చయముగా జెప్పరాదు.

ఇటీవల ఈ శాస్త్రము చాల దూరము సాగినది. రూపమును ఊహించువారి సామర్థ్యమును పరీక్షించుటకు 1994 మొదలు రెండేండ్ల కొకసారి పోటీ జరుగుచున్నది. 2020 పోటీలో లండనునందలి డీప్‌మైండ్ సంస్థవారి ఆల్ఫాఫోల్డ్ అను కార్యక్రమము అనేక రూపములను ప్రయోగఫలితములకు దాదాపు సమానముగా జెప్పి యందఱిని ఆశ్చర్యపఱచెను. 2022లో అది ఊహించిన 20 కోట్లకు పైగా రూపములు లోకమునకు ఉచితముగా లభ్యమయ్యెను. దాని నిర్మాతలలో డెమిస్ హసాబిస్, జాన్ జంపర్ అనువారు 2024 నోబెల్ బహుమానములో భాగస్వాములైరి.

ఇది బంధువుల వరుసలను ప్రక్కప్రక్కన నుంచి చూచును. ఒకచోటి యామ్లము మాఱినపుడెల్ల మఱియొకచోటి యామ్లమును మాఱుచున్నచో, ఆ రెండును ముడుతలో దగ్గఱగా నుండునని గ్రహించును. అయితే ఈ విద్య దానికి నేర్పినదెవరు? 1971లో ఏడు రూపములతో ప్రారంభమైన మాంసకృత్తుల నిధిలో, ప్రయోగశాలలలో శ్రమించినవారు చేర్చిన లక్షకు పైగా రూపములే దానికి పాఠ్యపుస్తకము.

మఱియు నది తన మాటపై తనకుగల నమ్మకమునకు నూటికిన్ని యని మార్కులు వేసికొనును. తొంబదికి మించిన భాగమును మిక్కిలి నమ్మవచ్చును. ఏబదికి తక్కువైన భాగమును రూపముగా నెంచరాదు. పైన జెప్పిన వ్యాధి చాలమందిలో 508వ స్థానమునందలి యొక్క ఆమ్లము లోపించుటవలన గలుగుచున్నది. ఆ యొక్క లోపముచే ముడుత చెడి, కణము ఆ మాంసకృత్తును పొర చేరకమునుపే నాశనము చేయును. ఇట్టి స్వల్పలోపముల ఫలమును చెప్పుటకు ఆల్ఫాఫోల్డ్ ఉద్దేశింపబడలేదు. దానిని ప్రయోగశాలయే తెలిపినది. 2019లో అమెరికాలో అనుమతి పొందిన మూడు మందుల కలయిక, ఈ లోపముగల మాంసకృత్తును సరిగా ముడుచుకొని పనిచేయునట్లు తోడ్పడుచున్నది. జన్యువు దొరికిన ముప్పదియేండ్లకు గలిగిన ఫలమిది.

కావున మా విద్యార్థి ప్రశ్నకు మా యుత్తర మిది: కంప్యూటరు దారి చూపును, ప్రయోగము సాక్ష్యమిచ్చును. దారి తెలియనివాడు ఏండ్లతరబడి తిరుగును; సాక్ష్యము లేనివాడు తప్పుదారిని ధైర్యముగా నడచును. రోగియైన బిడ్డ విషయమున ఈ రెండవది మఱింత అపాయకరము. విద్యార్థులారా, యంత్రము చెప్పిన యుత్తరమును చూచినపుడు, “దీనిని పరీక్షించుట యెట్లు?” అని యడుగుడు. ఆ ప్రశ్న యడుగువాడే శాస్త్రము నేర్చినవాడు.