వార్తల్లో పదం: క్రెడిట్ యుటిలైజేషన్ రేషియో

వాడని క్రెడిట్ కార్డు ఎందుకని రద్దు చేసుకుంటే, కొత్తగా పైసా అప్పు చేయకపోయినా సిబిల్ స్కోరు తగ్గొచ్చు. దానికి కారణం ఈ నిష్పత్తే. మీ కార్డులన్నిటి మొత్తం లిమిట్‌లో ఎంత శాతం వాడుకున్నారో ఇది చెబుతుంది.

లెక్క చూడండి. లక్ష రూపాయల చొప్పున లిమిట్ ఉన్న కార్డులు రెండున్నాయి. ఒకదానిపై నెలకు రూ.40 వేల ఖర్చు, రెండోది బీరువాలోనే ఉంటుంది. వాడకం 20 శాతం. బీరువాలోది రద్దు చేశారా, అదే రూ.40 వేలు 40 శాతమైపోతుంది. 30 శాతం దాటకపోవడం మంచిదని సాధారణంగా చెబుతారు. గడువులోగా బిల్లంతా కట్టేసేవారికీ ఈ చిక్కు రావచ్చు. సిబిల్ లాంటి క్రెడిట్ బ్యూరోకు చేరేది స్టేట్‌మెంట్ నాటి బాకీ కావచ్చు కదా!

అలాగని ఏటా ఫీజు గుంజే కార్డును స్కోరు కోసం మోయనక్కర్లేదు. ఫీజు లేని రకానికి మార్చమని ముందు బ్యాంకును అడగండి. మీ కార్డుల్లో అన్నిటికంటే పాతదాన్ని మాత్రం వీలైనంతవరకు వదులుకోవద్దు. గృహరుణానికి దరఖాస్తు చేయబోతుంటే రద్దు ఆలోచన వాయిదా వేయడమే మేలు.

ఏడాదికి పైగా వాడని కార్డును బ్యాంకే మూసేసే వీలుంది. ముందుగా మీకు తెలియజేసి, 30 రోజుల్లో జవాబు రాకపోతే ఆ పని చేయవచ్చు. కాబట్టి ఉంచుకోవాలనుకున్న కార్డుతో అప్పుడప్పుడూ ఓ కరెంటు బిల్లయినా కట్టండి. మీరే రద్దు కోరితే, బాకీ లేనప్పుడు 7 పనిదినాల్లో మూసేయాలి. ఆలస్యమైతే రోజుకు రూ.500 చొప్పున మీకు చెల్లించాలన్నది 2022 నాటి ఆర్‌బీఐ నిబంధన.