క్యాన్సర్ ప్రవర్ధకములు – కాలేయ కణముల పరీక్ష

నేపాళపు గింజల నూనె తీవ్రమైన విరేచనకారి అని మన పెద్దలెరుగుదురు. క్యాన్సర్ పుట్టుకను గూర్చిన ఒక ముఖ్య విషయము బయటపడినది గూడ ఆ నూనె వలననే. 1947లో బెరెన్‌బ్లమ్, షూబిక్ అను శాస్త్రజ్ఞులు చిట్టెలుకల చర్మమునకు ఒక క్యాన్సర్ కారకమును ఒక్కసారి, కొద్దిగా పూసిరి. ఆపైన ఈ నూనెను వారముల తరబడి పూయగా కణితులు లేచినవి. నూనె ఒక్కటే పూసిన ఎలుకలలో దాదాపు రాలేదు. మొదటిది విత్తు వంటిది, నూనె నీరు వంటిది. మొదటిదానిని ఆరంభకమనియు, రెండవదానిని ప్రవర్ధకమనియు అందము.

చిక్కంతయు ప్రవర్ధకముతోనే. ఆరంభకము సాధారణముగా కణములోని జన్యువులను చెడగొట్టును గనుక బాక్టీరియాలపై జరుపు ఏమ్స్ పరీక్షలో పట్టుబడును. జన్యువుల జోలికి పోని ప్రవర్ధకము ఆ పరీక్షను సులభముగా దాటిపోవును. మూర్ఛరోగమునకిచ్చు ఫినోబార్బిటాల్, అంతకు ముందు కొద్దికాలము క్యాన్సర్ కారకమును తినిన ఎలుకల కాలేయములో కణితులను పెంచునని 1971లో తెలిసినది. కాని ఇట్టి పరిశోధనకు ఎలుకలను నెలల తరబడి మేపవలెను. ప్రతి రసాయనమునకు అంత కాలము, అన్ని జంతువులు ఎక్కడ తేగలము?

అందుచేత కాలేయ కణములనే పళ్లెములో ఉంచి పరీక్షించు పద్ధతి వచ్చినది. ఎలుక కాలేయములోనికి కొల్లాజినేజ్ అను ఎంజైమును ఎక్కించినచో కణములను పట్టియుంచు బంధకము కరగి అవి విడివడును. వానిని పోషక ద్రవములో 37 డిగ్రీల సెంటీగ్రేడు వెచ్చదనమున ఉంచగా పళ్లెము అడుగున పరచుకొని మరల ఒకదానినొకటి తాకును. ఉల్లిపొరను సూక్ష్మదర్శినిలో చూచిన విద్యార్థి కణమనగా నలువైపుల మూసిన గది అనుకొనును. కాదు. పక్కపక్కనున్న కాలేయ కణముల నడుమ అతి సన్నని నాళములున్నవి. చిన్న అణువులు వాని గుండా ఇటునటు పోవును. గాజు సూదితో ఒక కణములోనికి ‘లూసిఫర్ ఎల్లో’ అను రంగును ఎక్కించినచో కొద్ది నిమిషములలో ఇరుగుపొరుగు కణములు గూడ మెరయును. ద్రవములో ప్రవర్ధకమున్నప్పుడు అనేక కణములలో రంగు కదలక నిలిచిపోవును. చిట్టెలుక కాలేయ కణములలో ఫినోబార్బిటాల్, డి.డి.టి., లిండేన్ ఇట్లే చేయుట క్లానిగ్, రచ్ మొదలగువారు గమనించిరి.

రంగు ఆగిననేమి? చెడిన కణమును ఇరుగుపొరుగు కణములు ఆ నాళముల ద్వారానే అదుపులో ఉంచునని శాస్త్రజ్ఞుల ఊహ. దారి మూసుకొన్నచో అది విచ్చలవిడిగా విభజన చెందగలదు. కాలేయ క్యాన్సర్ కణముల నడుమ ఇట్టి రాకపోకలు కానరావని 1966లోనే లోవెన్‌స్టైన్, కన్నో చూపిరి.

అయినను తొందరపడరాదు. చచ్చిన కణము గూడ రంగును అందించదు. కనుక మోతాదు కణములను చంపనిదై యుండవలెను. పైగా పళ్లెములోని కణములు కొద్ది దినములలోనే తమ సహజ గుణములను కోల్పోవును. ఫినోబార్బిటాల్‌ను ఏండ్ల తరబడి వాడిన రోగులలో ఆ మందు వలననే కాలేయ క్యాన్సర్ వచ్చినదని స్పష్టముగా తేలలేదు. ఎలుక వేరు, మనిషి వేరు. ఏ రసాయనములను ముందుగా జంతువులపై దీర్ఘకాలము పరీక్షింపవలెనో ఎంచుకొనుటకు ఈ పద్ధతిని వాడుట మేలని నా అభిప్రాయము. రంగు ధారాళముగా పారినంత మాత్రమున ఆ రసాయనము నిరపాయమని ముద్ర వేయరాదు, ఏలనన ప్రవర్ధకములన్నియు ఈ దారినే మూయవు.