హంతకుడు పక్కనే ఉన్నాడు!

కొమ్మూరి సాంబశివరావు డిటెక్టివ్ నవలలు చదివినవాళ్లకు యుగంధర్ ఎంతో, ఆయన అసిస్టెంట్ రాజు కూడా అంతే. కథలో ఎవరినైనా అనుమానిస్తాం కానీ రాజుని అనుమానించం. జలదంకిలో అయినా జపాన్‌లో అయినా అసిస్టెంట్ అంటే మనవాడే! సరిగ్గా ఆ నమ్మకం మీదే దెబ్బకొట్టింది ఓ కంప్యూటర్ గేమ్.

యూజీ హోరీ 1983లో రూపొందించిన ఆ జపాన్ గేమ్ పేరు 'పోర్టోపియా వరుస హత్యల కేసు'. కోబె నగరంలో ఓ వడ్డీ వ్యాపారి తాళం వేసిన గదిలో శవమై కనిపిస్తాడు. డిటెక్టివ్ మనమే. కాలు కదిపేది మాత్రం అసిస్టెంట్ యాసు. 'అక్కడికి వెళ్లు', 'వాణ్ణి అడుగు' అని మనం చెబుతాం, అతను చేస్తాడు. అనుమానితులు ఒక్కొక్కరే జాబితాలోంచి తప్పుకుంటారు. చివరికి మిగిలేది... యాసు! వ్యాపారి మోసానికి బలైన తల్లిదండ్రుల కోసం అతను తీర్చుకున్న పగ అది.

ఇందులో గారడీ ఏమీ లేదు. అతణ్ణి పట్టించేది భుజం మీది మచ్చ. చొక్కా విప్పమంటేనే అది కనిపిస్తుంది. అంటే ఆధారం మొదట్నుంచీ మన వెంటే తిరుగుతోంది. అడగాలని మనకే తోచలేదు!

'నేరస్థుడు యాసు' అన్న మాట తర్వాత జపాన్‌లో నానుడిలా మారిపోయింది. మంచి మలుపు రహస్యం అదే. అది దేన్నీ దాచదు... మనం చూడని చోట పెడుతుంది, అంతే.