లింకు కంటే ముందు పలకరింపు

బళ్లారి: ‘నలుగురు కొన్నారు కదక్కా, ఒక్క పైసా కూడా రాల్యా. నేనేమన్నా తప్పు చేసినానా?’ ఆన్‌లైన్‌ అమ్మకాల బృందంలో కొత్తగా చేరినవారి నుంచి మొదటి వారంలో వచ్చే ఫోను ఇలాగే ఉంటుంది. అవతలివారి జవాబును బట్టే ఆ మనిషి నిలుస్తుందో, మానేస్తుందో తేలిపోతుంది.

అఫిలియేట్‌ పని చెప్పడానికి తేలికే. కంపెనీ ఇచ్చిన లింకును తెలిసినవాళ్లకు పంపాలి. ఎవరు పంపారో తెలిపే గుర్తు అందులోనే ఉంటుంది. దాన్ని నొక్కి సరుకు కొంటే కమీషన్‌. 1996లో అమెజాన్‌ ఇలాంటి పథకం పెట్టాక ఈ పద్ధతి బాగా పాకింది. ఇప్పుడు కౌల్‌బజార్‌లో మిషను కుట్టే ఇల్లాలి సెల్లుకూ చేరింది. చిక్కంతా డబ్బు దగ్గరే. సరుకు వాపసు గడువు దాటితే గానీ చాలా కంపెనీలు కమీషన్‌ ఖాయం చేయవు. అందాకా ‘పెండింగ్‌’ అనే కనిపిస్తుంది. తన లింకుతో తానే కొనుక్కుంటే చాలాచోట్ల ఏమీ రాదు. ఇవన్నీ చేర్చుకున్న రోజే చెప్పకపోతే కొత్తవారికి మోసపోయామనే అనిపిస్తుంది. చేర్చింది పిన్ని కూతురో, ఎదురింటి వదినో అయి ఉంటుంది. కమీషన్‌తో పాటు మాటలూ పోతాయి.

బళ్లారిలో ఇంకో తిరకాసు ఉంది. 1953లో ఆదోని, ఆలూరు, రాయదుర్గం ఆంధ్రలో చేరగా, బళ్లారి మైసూరులో కలిసింది. బంధుత్వాలు మాత్రం రెండువైపులా ఉన్నాయి. ఇక్కడ చాలామందికి ఇంట్లో తెలుగు, బడిలో కన్నడ. వాట్సాప్‌ గ్రూపులో తెలుగులో రాసిన నిబంధనలు రాయదుర్గం ఆడపడుచు గడగడా చదివేస్తుంది. కన్నడ మీడియం చదివిన బళ్లారి కోడలికి ఆ అక్షరాలే పట్టుబడవు. అడగడానికి నామోషీ. ‘ఓకే’ అని పెట్టి ఊరుకుంటుంది!

అనుభవమున్నవారు ఇక్కడే గొంతు వాడతారు. ‘వంటయిందా పాపా? ఆ లింకు పోయిందా లేదా? రాకుంటే చెప్పు, చూపిస్తా’ అని వాయిస్‌ మెసేజి పెడతారు. పిల్లలు బడికెళ్లాక ఫోను చేస్తారు. తప్పుంటే గ్రూపులో పదిమంది ముందు కాకుండా విడిగా చెబుతారు. ఆమెకు ఏ సరుకు తెలుసో కూడా కనుక్కోవాలి. జీన్స్‌ కుట్టే ఇంటి మనిషికి గుడ్డ, కుట్టు నాణ్యత చూడగానే తెలుస్తాయి. ఆమె చేత మిక్సీల లింకులు పంపిస్తే ఏం లాభం?

ఈ చనువునే వలగా వాడేవారూ లేకపోలేదు. చేరడానికే డబ్బు కట్టమన్నా, సరుకు సంగతి వదిలేసి ‘ఇంకో ఇద్దర్ని చేర్పించు’ అన్నా అనుమానించాల్సిందే. మనుషులను చేర్చినందుకే డబ్బు ముట్టే పథకాలను 1978 నాటి చట్టం నిషేధించింది. 2021 డిసెంబరులో వచ్చిన డైరెక్ట్‌ సెల్లింగ్‌ నిబంధనలూ పిరమిడ్‌ పథకాలు కూడదన్నాయి. అక్క చెప్పిందనో, వదిన అడిగిందనో కట్టేస్తే తిరిగి అడగడానికి నోరు రాదు.

ఇక ‘ఒక్క పైసా రాల్యా’ అన్న ఫోనుకు ఓపికున్న అక్కలు చేసేది చిన్న పనే. వాపసు గడువు ఎప్పటికి తీరుతుందో లెక్కగట్టి తారీకు చెబుతారు. ఆ తారీకున తామే ముందు ఫోను చేస్తారు.