ముఖచర్మముపై మత్తు లేపనము: కప్పియుంచుటలోని గుణదోషములు

పెండ్లిండ్ల కాలము సమీపించినంతనే అనేక గృహములలో ముఖసౌందర్యమునకు సంబంధించిన పనులు మొదలగును. పై పెదవి మీది నూగు వెండ్రుకలను మైనముతో లాగి తీయుట, మొటిమల మచ్చలు పోవుటకై సన్నని సూదులుగల రోలరును చెంపలపై దొర్లించుట, చేతిలో ఇమిడెడి లేసరు పరికరముతో రోమములను తొలగించుట మొదలగునవి నేడు వైద్యుని యొద్దకుగాని బ్యూటీ పార్లరునకుగాని పోకయే పలువురు ఇంటియందు చేసికొనుచున్నారు. ఈ పనులన్నియు కొంత నొప్పిని కలిగించును. ఆ నొప్పి తెలియకుండుటకై ముఖమునకు మత్తు లేపనమును పూసి, దానిపై పలుచని ప్లాస్టిక్ పొరను కప్పియుంచు అలవాటు వ్యాపించుచున్నది.

ఈ అలవాటునకు శాస్త్రీయమైన ఆధారము లేకపోలేదు. ఆసుపత్రులలో పిల్లలకు సూది వేయుటకు ముందు వైద్యులు ఇట్లే లేపనమును పూసి కప్పియుంచుదురు. అయితే ఆసుపత్రిలో మందు మోతాదును, పూయు స్థలమును, ఉంచు కాలమును లెక్క చూచెడివారు కలరు. ఇంటిలో ఆ లెక్క తప్పినచో ప్రాణాపాయము కూడ కలుగవచ్చును. లేపనమును కప్పుట యనగా దానిని చెదరకుండ నిలుపుట మాత్రమే కాదు; చర్మమునకు గల తలుపును తెరచుట. తలుపు తెరచినవారు దాని గుండ ఎంత మందు లోనికి పోవునో ఎరిగియుండవలెను.

చర్మము అను కోటగోడ

చర్మముయొక్క అన్నిటికంటె పైనున్న పొర నిర్జీవ కణములతో ఏర్పడినది. ఇది మిక్కిలి పలుచనైనను బలమైనది. ఇటుకల నడుమ సున్నము పూసినట్లు ఈ కణముల నడుమ కొవ్వు పదార్థములు నిండియుండును. దేహములోని నీరు వెలుపలికి పోకుండ, వెలుపలి విషములును క్రిములును లోనికి రాకుండ ఈ పొరయే కాపాడుచున్నది. నొప్పిని గ్రహించు నరముల కొనలు దీనికి దిగువను ఉండును. కావున చర్మముపై పూసిన మందు నరమును చేరవలెనన్నచో మొదట ఈ గోడను దాటవలెను.

1884లో వియన్నా నగరమునందలి కార్ల్ కోలర్ అను వైద్యుడు కొకెయిన్ ద్రావకమును కంటిలో వేసి, నొప్పి తెలియకుండ శస్త్రచికిత్స చేయవచ్చునని నిరూపించెను. కంటి పైపొర మెత్తనిది, తడిగలది. అందువలన మందు సులువుగా లోనికి పోయెను. సాధారణ చర్మముపై అట్టి ఫలితము కలుగలేదు. 1943లో స్వీడనునందు నిల్స్ లోఫ్‌గ్రెన్ అను రసాయన శాస్త్రజ్ఞుడు లిడొకెయిన్ అను మందును తయారుచేసెను. అది సూదిమందుగా లోకమంతటను వ్యాపించినను, గాయములేని చర్మముపై పూతగా చక్కగా పనిచేయుటకు మరి కొన్ని దశాబ్దములు పట్టెను.

ఆ చిక్కును తీర్చిన ఉపాయము వింతయైనది. లిడొకెయిన్, ప్రిలొకెయిన్ అను రెండు మందులును గది వేడిమిలో గట్టి పదార్థములు. వానిని సమభాగములుగా కలిపినప్పుడు ఆ మిశ్రమము 18 డిగ్రీల సెంటిగ్రేడు వద్దనే కరగి నూనెవలె నగును. నూనె రూపమున నున్న మందు చర్మపు గోడను సులభముగా దాటగలదు. ఒక్కొక్కటి నూటికి 2.5 పాళ్లు చొప్పున ఈ రెండు మందులను గల లేపనము 1980వ దశకము మొదలు వాడుకలోనికి వచ్చినది.

నరమును చేరిన పిదప ఈ మందులు ఒకే విధముగా పనిచేయును. నొప్పి అను సమాచారము నరము వెంట సాగుటకు సోడియము కణములు నరపు పొరలోని సన్నని ద్వారముల గుండ లోనికి ప్రవేశింపవలెను. మందు ఆ ద్వారములను మూసివేయును. సమాచారము మెదడును చేరదు, నొప్పి తెలియదు. మందు తొలగినంతనే ద్వారములు మరల తెరచుకొనును. ఈ లేపనము మనిషికి నిద్ర కలిగించునది కాదు. పూసిన చోటు మాత్రమే మొద్దుబారును.

కప్పినప్పుడు జరుగు మార్పు

చాలసేపు బట్టలు ఉతికినవారి వ్రేళ్లు నాని, తెల్లబడి, ముడుతలు పడుట అందరును చూచినదే. చర్మముపై గాలి చొరని పొరను కప్పినను ఇట్టి మార్పే జరుగును. చర్మమునుండి నిరంతరము ఆవిరియై పోవు తేమ కప్పు క్రిందనే నిలిచిపోవును. పైపొర నాని ఉబ్బును. దాని కణముల నడుమ బిగువు సడలును. చర్మపు వేడిమియు కొంత హెచ్చును. లేపనము ఆరిపోదు, బట్టకు అంటుకొని పోదు. ఈ కారణములన్నిటివలన మందు ఎక్కువగను త్వరగను లోనికి దిగును.

పై చెప్పిన రెండు మందుల లేపనమును గాయములేని చర్మముపై దళసరిగా పూసి కప్పియుంచినచో, సుమారు 60 నిమిషములకు 3 మిల్లీమీటర్ల లోతువరకును, 120 నిమిషములకు 5 మిల్లీమీటర్ల లోతువరకును మొద్దుబారును. తీసివేసిన తరువాత కూడ ఈ గుణము ఒకటి రెండు గంటలు నిలుచును. అయితే మత్తు లేపనములన్నియు ఒక జాతివి కావు. కొన్నింటికి కప్పు అవసరమే లేదు; కొన్ని ఆరిన పిదప తామే పొరగా ఏర్పడును. అట్టి లేపనములపై మరల ప్లాస్టిక్ పొరను చుట్టుట మోతాదును తెలియక పెంచుటయే యగును.

ముఖచర్మముయొక్క ప్రత్యేకత

అరచేతిలోను అరికాలిలోను చర్మము దళసరి. ముఖమున, విశేషముగా కనురెప్పలయందు, అది మిక్కిలి పలుచన. ముఖమునకు రక్తప్రసరణయు అధికము. కావున ముఖముపై మందు త్వరగా పనిచేయును. అంత త్వరగానే రక్తములోనికిని పోవును. చేతికి గంటసేపు ఉంచదగిన లేపనమును ముఖమునకు కూడ అంతసేపు ఉంచవచ్చునని తలచుట పొరబాటు.

మొటిమలు చిదుకుటచే పుండ్లుపడిన చర్మము, తామర గల చర్మము, స్టెరాయిడు కలిసిన క్రీములను నెలల తరబడి పూయుటచే పలుచబడిన చర్మము మరింత ఎక్కువగా మందును పీల్చుకొనును. సూదుల రోలరును దొర్లించిన చర్మమున వందలకొలది సన్నని రంధ్రములు ఏర్పడియుండును. అట్టి చర్మముపై రెండవసారి మత్తు లేపనము పూయుట గోడకు కన్నము వేసి మందును లోనికి పోయుటవంటిది. ఆ పని ఎన్నడును చేయరాదు.

లెక్క తప్పినచో

ఒక చిన్న లెక్కవలన ఈ విషయము స్పష్టమగును. దళసరిగా పూయుటకు 25 చదరపు సెంటీమీటర్ల చర్మమునకు సుమారు 2.5 గ్రాముల లేపనము కావలెను. పై పెదవి మీది స్థలము 10 చదరపు సెంటీమీటర్లకు మించదు. దానికి ఒక గ్రాము చాలును. నూటికి 4 పాళ్ల లిడొకెయిన్ గల లేపనమైనచో అందులో 40 మిల్లీగ్రాముల మందుండును. ముఖమంతయు పూయదలచినచో 30 గ్రాములైనను పట్టును. ఆ లేపనము నూటికి 10 పాళ్లదైనచో ముఖముపై నిలిచిన మందు 3,000 మిల్లీగ్రాములు. వైద్యులు పెద్దవారికి లిడొకెయినును మాత్రమే సూదిద్వారా ఇచ్చునప్పుడు సాధారణముగా 300 మిల్లీగ్రాములను మించనీయరు. పూసిన మందంతయు రక్తములోనికి పోదన్నది నిజమే. కాని కప్పుటవలనను, కాలము పెంచుటవలనను, గీరిన చర్మమువలనను ఆ పోవు భాగము హెచ్చుచుండును. ఎంత హెచ్చినదో ఇంటిలో తెలిసికొను సాధనము లేదు.

ఇది ఊహామాత్రము కాదు. అమెరికా దేశమున ఇద్దరు యువతులు లేసరుతో రోమములు తీయించుకొనుటకు ముందు బలమైన మత్తు లేపనమును కాళ్లకు పూసికొని, ప్లాస్టిక్ పొరను చుట్టుకొనిరి. వారికి మూర్ఛలు వచ్చి, స్మారకము తప్పి, తుదకు మరణము సంభవించెను. ఆ దేశపు ఆహార ఔషధ నియంత్రణ సంస్థ 2007 ఫిబ్రవరిలో ఈ విషయమును ప్రకటించి ప్రజలను హెచ్చరించెను. వైద్యుని సలహా లేక కొను లేపనములలో లిడొకెయిన్ నూటికి 4 పాళ్లకు మించియుండరాదనియు, అట్టివానిని విస్తారముగా పూయరాదనియు, ప్లాస్టిక్ పొరతో చుట్టరాదనియు 2024 మార్చిలో మరల హెచ్చరించెను.

పాటింపవలసిన నియమములు

వైద్యుడు చెప్పినప్పుడు మాత్రమే లేపనమును కప్పవలెను. వైద్యుని సలహాపై ఇంటియందు వాడువారు ఈ క్రింది నియమములను పాటింపవలెను.

1. గొట్టముపై మందు పేరు, పాళ్లు, గడువు తేదీ ముద్రింపబడియున్నదో లేదో చూడవలెను. ఈ వివరములు లేని డబ్బాలలోని లేపనమును ముట్టరాదు.

2. ముందురోజున మోచేతి లోపలివైపు కొలదిగా పూసి, దద్దురు, మంట, వాపు కలుగుట లేదని నిశ్చయించుకొనవలెను.

3. ముఖమును కడిగి తుడిచి, అవసరమైన చోట మాత్రమే, వైద్యుడు చెప్పిన పరిమాణమునే పూయవలెను. ముఖమంతటను ఒక్కమారుగా పూయరాదు.

4. కనురెప్పలపైనను, కంటి సమీపమునను, ముక్కు రంధ్రములలోను, నోటిలోను తగులనీయరాదు. ఈ లేపనము కంటి నల్లగ్రుడ్డును గాయపరచగలదు. స్పర్శ పోయినందున ఆ గాయము వెంటనే తెలియదు. కనుబొమ్మలు దిద్దుకొనుటకు మత్తు లేపనము తగదు.

5. కప్పుటకు మందుల దుకాణములో దొరకు పారదర్శకమైన అంటుపొరను, పూసిన స్థలముకంటె కొంచెము పెద్దదిగా కత్తిరించి వాడవలెను. ముక్కును నోటిని మూయునట్లు ఏ పొరయు కప్పరాదు. ఊపిరాడక ప్రమాదము కలుగును. పొర కట్టుకొని నిద్రింపరాదు.

6. కప్పినచోట వేడినీటి సంచిగాని, ఆవిరిగాని, కాపడముగాని తగులనీయరాదు. వేడివలన మందు మరింత వేగముగా లోనికి పోవును.

7. గడియారము చూచి, చెప్పిన సమయమునకు పొరను తీసి, లేపనమును పూర్తిగా తుడిచి కడుగవలెను. చర్మము మొదట తెల్లబడి, పిదప ఎఱ్ఱబడుట సామాన్యము. మంట ఎక్కువైనను, బొబ్బలు వచ్చినను వెంటనే తీసివేయవలెను.

8. పని ముగియువరకును పెద్దవారొకరు దగ్గర ఉండవలెను. స్పర్శ తిరిగి వచ్చువరకు ఆ చోటును గోకరాదు. పెదవి మొద్దుబారియున్నప్పుడు వేడి పదార్థములను తినరాదు, త్రాగరాదు.

శిశువులకును, చిన్నపిల్లలకును, గర్భిణులకును, గుండె లయ తప్పుటకు మందులు వాడువారికిని, కాలేయవ్యాధి గలవారికిని వైద్యుని అనుమతి లేక ఈ లేపనములను పూయరాదు. ప్రిలొకెయిన్, బెంజొకెయిన్ అను మందులు కొందరిలో రక్తము ప్రాణవాయువును మోయు శక్తిని తగ్గించును. జి-6-పి-డి అను ఎంజైము లోపము గలవారును, కుష్ఠు చికిత్సకై డాప్సోన్ సేవించువారును ఈ విషయమున మిక్కిలి జాగరూకులై యుండవలెను.

అపాయచిహ్నములు

పూయని చోట్ల సైతము నోటి చుట్టును నాలుకయు తిమ్మిరెక్కుట, నోట లోహపు రుచి, చెవులలో హోరు, తల తిరుగుట, చూపు మసకబారుట, మాట తడబడుట, కండరములు అదరుట మందు రక్తములో హెచ్చినదనుటకు గుర్తులు. వీని వెనుక మూర్ఛయు, గుండె లయ తప్పుటయు రావచ్చును. పెదవుల లోపలి భాగముగాని గోళ్లుగాని నీలివన్నె తిరిగినను అది అపాయమే.

ఇందులో ఏ ఒక్కటి కనబడినను పొరను తీసి, లేపనమును తుడిచి, నీటితో కడిగి, 108కి గాని 112కి గాని వెంటనే ఫోను చేయవలెను. మూర్ఛ వచ్చినవారిని ప్రక్కకు తిప్పి పరుండబెట్టవలెను. నోటిలో నీరుగాని చెంచాగాని ఉంచరాదు. లేపనపు గొట్టమును కూడ ఆసుపత్రికి తీసికొనిపోవలెను. దానిపై ముద్రించిన పాళ్లను చూచి వైద్యులు తగిన విరుగుడును త్వరగా నిర్ణయింపగలరు.

నొప్పి కూడ కావలివాడే

మైనము మితిమీరి వేడిగా నున్నప్పుడు, లేసరు కాంతి చర్మమును కాల్చుచున్నప్పుడు మొదట హెచ్చరించునది నొప్పియే. ఆ కావలివానిని నిద్రపుచ్చి ఇంటియందు ఇట్టి పనులు చేసినచో, కాలినట్లు మరునాడుగాని తెలియదు. మచ్చ మాన్పుకొనబోయి కొత్త మచ్చ తెచ్చుకొనినట్లగును. కావున మత్తు లేపనము లేక ఓర్చుకొనలేనంత నొప్పి కలిగించు చికిత్స ఇంటిలో చేయదగినది కాదని గ్రహించి, చర్మవైద్యుని యొద్దకు పోవుట మేలు.

నూగు వెండ్రుకలు తీయుటవంటి చిన్న పనులకు మంచుముక్కను శుభ్రమైన బట్టలో చుట్టి, ఒకటి రెండు నిమిషములు చర్మమున కద్ది, పిదప తుడిచి పని చేసికొనవచ్చును. మంచును నేరుగా చర్మమున కానించి ఉంచరాదు. మత్తు లేపనముతో కలిపియు వాడరాదు. దీనివలన కలుగు ఉపశమనము స్వల్పమైనను, రక్తములోనికి పోవు మందేదియు ఇందులో లేదు.

మందు ఎంత పాళ్లది, ఎంత మేర పూసినది, ఎంతసేపు కప్పినది అను మూడు ప్రశ్నలకు సమాధానము చెప్పగలిగినవారే మత్తు లేపనమును కప్పవలెను. చెప్పలేనివారు కప్పకుండుటయే క్షేమము.